కుందేలు కాలి మీద కంతి

పేలాలు కాలి మీద లేచిన కంతి ఏమిటో మాకు ఆఖరికి తెలియనే లేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఓపిగ్గా చివరిదాకా విని, ఇంతసేపు కూర్చోబెట్టి ఏమీ తేల్చలేదేమిటని నన్ను తిట్టుకోవడం ఎందుకు? పశువుల డాక్టరు చూశారు. పాలు పోసే సత్తియ్య చూశాడు. మా వీధిలో చూడనివాళ్లు లేరు. తలా ఒక మాట అన్నారు. ఒకరి మాట ఇంకొకరి మాటతో కలవలేదు.

పేలాలు అంటే మా కుందేలు. తెల్లగా, పేలాలు కుప్పపోసినట్టు ఉంటుందని మా తమ్ముడు ఆ పేరు పెట్టాడు. సామర్లకోట తీర్థంలో కొన్నాడు వాడు దాన్ని. నాకు పెళ్లయి తణుకు కాపురానికి వెళ్లిన ఏడే, ఆషాఢానికి పుట్టింటికి వచ్చి మళ్లీ బయల్దేరుతుంటే, "నేనెలాగూ కాకినాడ కాలేజీకి పోతున్నా కదే అక్కా, దీన్ని నువ్వు తీసుకుపో" అని గంపలో పెట్టి నా చేతికిచ్చాడు. పైన గుడ్డ కప్పి, టీసీ కంట పడకుండా రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

మా అత్తగారు జగదాంబగారు గుమ్మంలోనే ఆ గుడ్డ ఎత్తి చూశారు.

"ఇదేంటమ్మాయ్? మీ మెట్టలో సారెతో పాటు కుందేళ్లు కూడా పెడతారా?"

మాది జగ్గంపేట. మా నాన్న గోపాలకృష్ణమూర్తిగారిది చింతపండు వ్యాపారం. కాలవ నీళ్లు పారని ఊళ్లు మావి, వాటినే మెట్ట అంటారు. డెల్టావాళ్ల దృష్టిలో మేము నీళ్లకు మొహం వాచినవాళ్లం. మా దృష్టిలో వాళ్లు బోదకాళ్లవాళ్లు. పెళ్లిచూపులనాడు మావాళ్లు పెళ్లికొడుకు చదువూ, కొట్టు సంగతీ అన్నీ అడిగి, అసలు ప్రశ్న గొంతు తగ్గించి అడిగారు: "అక్కడ దోమలెలా ఉంటాయండీ?" దోమ కుడితే బోద వస్తుందని ఫైలేరియా ఆఫీసువాళ్లు ఊరూరా గోడల మీద రాశారు. మా అమ్మకు మాత్రం నీళ్ల మీదే అనుమానం. కాచకుండా చుక్క తాగవద్దని ఒట్టు పెట్టించుకుని మరీ కాపురానికి పంపింది.

అత్తగారింట్లో బోద అన్న మాట ఎవరూ అనేవారు కాదు. అనకపోవడానికి కారణం మా అత్తగారి ఎడమకాలు. పాదం నుంచి పిక్క దాకా వాచి ఉండేది. ఆవిడ చీర నేలను ఊడ్చేంత కిందికి కట్టేవారు. కూర్చుంటే అంచు లాగి ఆ కాలు కప్పేసేవారు. అమావాస్యకో పున్నానికో జ్వరం తగిలి గదిలో పడుకుంటే, "మీ అత్తయ్యకి నలతగా ఉందమ్మా" అనేవారు మా మామగారు కుక్కుటేశ్వరరావుగారు, బెల్లం కొట్టుకు వెళ్తూ వెళ్తూ. అంతకుమించి ఆ ఊసు ఉండేది కాదు. నేనూ చూసి చూడనట్టు ఊరుకోవడం నేర్చుకున్నాను.

ఆవిడకు నేనంటే ఇష్టమో కాదో నాకు అర్థమయ్యేది కాదు. కుందేలు విషయంలో మాత్రం ఆ తికమక లేదు. మొదట్లో "ఇది ఇల్లనుకున్నారా, అడవనుకున్నారా" అని సణిగారు. పట్టుమని వారం తిరక్కుండానే తోటకూర కాడలు తుంచి నోటికి అందించడం మొదలుపెట్టారు. "ఏరా పేలాలూ, కడుపు నిండిందా?" అని అడిగేవారు. నన్ను ఒక్కనాడూ అలా అడగలేదు. కుందేలు మీద అసూయ పడ్డ కోడలు జిల్లా మొత్తం మీద నేనొక్కదాన్నే అయి ఉంటాను.

శ్రావణం చివర్లో ఒకనాటి సాయంత్రం నా కుడికాలి పట్టీ బిగుసుకుపోయింది. కొక్కెం చివరి రింగుకు మార్చుకున్నాను. పొద్దున్నకు వదులైంది, సాయంత్రానికి మళ్లీ బిగిసింది. చీలమండ మీద వేలితో నొక్కి చూస్తే గుంట పడింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆ వాపు బోదేనా కాదా అన్న సంగతి తరవాత ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెప్పారు, మందులతో అదీ పోయింది. కానీ ఆనాడు నాకు ఏ అనుమానమూ లేదు. వచ్చేసిందనే అనుకున్నాను.

ఎవరితో చెప్పను? మా పెదనాన్న కూతురు సత్యకుమారిని నరసాపురం వైపు ఇచ్చారు. ఏడాది తిరక్కుండా కాలు వాచింది. వైద్యం చేయించుకురమ్మని పుట్టింటికి పంపారు. మళ్లీ తీసుకువెళ్లడానికి ఎవరూ రాలేదు. నా సంగతి తెలిస్తే ఇక్కడివాళ్లు నన్నూ అలాగే పంపేస్తారు. మా నాన్నకు తెలిస్తే ఆయనే వచ్చి తీసుకుపోతారు, మళ్లీ పంపరు. ఎటునుంచి చూసినా నా కాపురం అంతటితో సరి. పోనీ ఆ కాపురం మీద అంత మోజు ఉందా అంటే, అదీ చెప్పలేను. పెరట్లో కూర్చుని ఇంటికి వెళ్లిపోవాలని ఏడ్చేదాన్ని. పంపేస్తారేమో అన్న ఊహ వస్తే ఇంకా ఎక్కువ ఏడ్చేదాన్ని. మా ఆయన వెంకటరత్నంగారు మంచివారే, కానీ తల్లి దగ్గర ఏదీ దాచలేని మనిషి. అందుకని ఆయనకూ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే పేలాలు కాలు కూడా వాచింది.

"అమ్మాయ్, ఇలా రా. దీని కాలేంటి ఇలా ఉంది?" అని వసారాలోంచి కేకేశారు మా అత్తగారు.

వెనక కుడికాలు. మడమకు పైన రేగుపండంత కంతి. దాని మీద బొచ్చు ఊడిపోయి చర్మం ఎర్రగా కనిపిస్తోంది. నొక్కితే గట్టిగా ఉంది. కుందేలు మాత్రం కిమ్మనకుండా కాడ నములుతోంది. నాకు కుడికాలే, దానికీ కుడికాలే. నేను కూర తరుగుతుంటే అది నా పాదాల మీదే పడుకునేది. నా నుంచి దానికి అంటుకుందా? దాన్నుంచి నాకు వచ్చిందా? మా ఇద్దర్నీ ఒకే దోమ కుట్టిందా? ఎంత ఆలోచించినా ఒక దారికి రాలేదు.

మర్నాడు సత్తియ్య పాలు కొలుస్తూ కొలుస్తూ ఆగి, కుందేలును ఎత్తి చూశాడు.

"ఆయ్, ఇది బోదేనండి అమ్మగారూ."

"నోరు ముయ్యి! జంతువులకి బోదేంటి?" అన్నారు మా అత్తగారు. ఆ మాట ఆ ఇంట్లో వినబడడం అదే మొదలు.

"ఎందుకు రాదండీ? ఈ కాలవ నీళ్లే కదండీ అదీ తాగేది! అమావాస్యకి పెరుగుతుందేమో చూడండి. పెరిగిందంటే ఇంక తిరుగులేదండి."

సత్తియ్య ఆ మాట మా ఇంట్లో అని ఊరుకోలేదు. పాలతో పాటు వీధంతా పోసి వెళ్లాడు. మధ్యాహ్నానికి చూడ్డానికి జనం వచ్చారు. భోజనాల దగ్గర మా ఇంట్లోనే మూడు పక్షాలు తయారయ్యాయి. "మెట్ట నుంచి వచ్చినప్పుడే ఉండుంటుంది, మనం చూసుకోలేదు" అన్నారు మా అత్తగారు. "అప్పుడు లేదమ్మా. మన దోమలే కుట్టుంటాయి" అన్నారు మా ఆయన. "మీ ఇద్దరికీ మతులు పోయాయి. కొట్టు నుంచి తెచ్చిన బెల్లం బుట్టలో కండచీమ ఉండుంటుంది" అన్నారు మా మామగారు. నేను వడ్డిస్తూ, చీర కుచ్చిళ్లు కిందికి సర్దుకున్నాను. ఎవరి నీళ్లది తప్పు అన్న తగాదా కుందేలు మీద జరుగుతోంది గాని, తీర్పు నా కాలికి కూడా వర్తిస్తుంది కదా.

ఆ వారంలోనే మా ఆయనా నేనూ కుందేలును గంపలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లాం. ముందు గేదెలు, వాటి వెనక ఎడ్లు, వాటి వెనక రిక్షాలో మేము. డాక్టరు జగన్నాథరావుగారు గంపలోకి తొంగిచూసి కళ్లజోడు సర్దుకున్నారు.

"పెంచుకోడానికా, కోసుకోడానికా అండీ?"

"రామ రామ! మేం నీచు ముట్టమండీ" అన్నారు మా ఆయన.

"ఏం లేదు, మా చదువులో కుందేలుది ఒకటే పాఠం. అది కూడా పరీక్షలో రాలేదు" అని నిజాయితీగా చెప్పి, కాలు పట్టుకుని చూశారు. "చీముగడ్డ అయితే మెత్తగా ఉండాలి. ఇది గట్టిగా ఉంది. ముల్లు లోపల ఉండిపోయిందేమో. తడిగోనె మీద పడుకుంటే కూడా ఇలా కాయకాస్తుంది. ఎముకే పెరిగిందేమో, అదీ కాదనలేం."

"వీట్లో ఏదండీ?"

"ఏదైనా కావచ్చండి. కోస్తే తెలుస్తుంది. కానీ కోసేలోగా భయంతోనే గుండె ఆగిపోతుంది వీటికి. తింటోందిగా? తిననివ్వండి. కింద పొడి గడ్డి వేయండి."

నేను ఉండబట్టలేక అడిగేశాను. "బోద వస్తుందాండీ వీటికి?"

"బోద మనుషులకేనమ్మా."

"మరి మనిషి నుంచి దీనికి గానీ, దీన్నుంచి మనిషికి గానీ..."

డాక్టరుగారు తల ఎత్తారు. "ఏం, ఇంట్లో ఎవరికైనా ఉందా?"

"లేదండీ" అన్నారు మా ఆయన గబుక్కున.

"లేదండీ" అన్నాను నేనూ. ఆయన ఎవరి కాలు తలుచుకుని అన్నారో నాకు తెలుసు. నేను ఎవరి కాలు తలుచుకుని అన్నానో ఆయనకు తెలియదు.

డాక్టరు మాట మా అత్తగారికి నచ్చలేదు. "ఏదైనా కావచ్చు అని చెప్పడానికి డాక్టరెందుకు, నేనూ చెప్తాను" అన్నారు. సత్తియ్య చెప్పిన అమావాస్య పరీక్షే ఆవిడకు నమ్మకంగా తోచింది. అమావాస్యకు ముందు నూలుదారం చుట్టి కంతి కొలత తీసి, ముడి వేసి దాచారు. అమావాస్యనాడు ఆవిడకే జ్వరం వచ్చింది. అయినా దుప్పటి కప్పుకుని, గోడ పట్టుకుని వసారాలోకి వచ్చి, ఇంకో దారం చుట్టి మళ్లీ కొలిచారు. రెండు దారాలూ పక్కపక్కన పెట్టి చూశాం. ఆవిడకు రెండోది పొడుగ్గా కనిపించింది, నాకు మొదటిది పొడుగ్గా కనిపించింది. కుందేలు మూడో అభిప్రాయం చెబుతున్నట్టు మొదటి దారాన్ని లాక్కుని తినేసింది.

"పోనీలే" అన్నారు ఆవిడ అలిసిపోయి. "ఏదైతేనేం. వాపే కదా. వాపుకి చేసేది చేద్దాం."

జ్వరం తగ్గిన మర్నాటి నుంచి ఆవిడ కుందేలు కాలు కడగడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం మగవాళ్లు భోంచేసి కొట్టుకు వెళ్లాక, ఇత్తడి పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి, ఉప్పూ పసుపూ కలిపి, దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. నేను చెంబుతో నీళ్లు పోసేదాన్ని. వేళ్ల సందుల్లో కూడా రుద్ది, పాత ధోవతి గుడ్డతో తడి లేకుండా అద్దేవారు. "తడి ఉండకూడదు. తడి ఉంటే ఒరుస్తుంది, ఒరిస్తే జ్వరం వస్తుంది" అనేవారు, కుందేలుకే పాఠం చెబుతున్నట్టు. ఆ మాటలు ఆవిడ ఎక్కడ నేర్చుకున్నారో నాకు అర్థమయింది గాని, పైకి అనలేదు.

ఒకరోజు కుందేలును దించేశాక పళ్లెం తీయబోయాను. ఆవిడ తల ఎత్తకుండానే అన్నారు.

"ఉండు. నీది కూడా పెట్టు."

"నాదేంటండీ?"

"కాలమ్మా. కుడిది."

నీళ్ల వంక చూస్తూ నిలబడిపోయాను.

"వినాయక చవితి నుంచి నీ కుడికాలి పట్టీ మోగట్లేదు" అన్నారు ఆవిడ. "నడుస్తుంటే ఒక పక్కే వినబడుతోంది. కూర్చో."

"మీరు నా కాలు పట్టుకోవడం ఏంటండీ అత్తయ్యగారూ, పాపం నాకు..."

"కుందేలు కాలు పట్టుకోలేదూ? కూర్చో."

కూర్చున్నాను. పట్టీ విప్పి పక్కన పెట్టి, నా పాదాన్ని ఆవిడ రెండు చేతుల్తో పట్టుకున్నారు. అప్పుడు ఏడుపు ముంచుకొచ్చింది. ఓదారుస్తారేమో అనుకున్నాను. ఓదార్చలేదు. వేళ్ల సందులు తుడుస్తూ, "గోళ్లు మరీ లోపలికి తీయకు" అన్నారు, అంతే. ఆనాటి నుంచి రోజూ ముందు కుందేలుది, తరవాత నాది. తన కాలు మాత్రం నా ముందు కడుక్కునేవారు కాదు. మిగిలిన వేడినీళ్లు పట్టుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేవారు. వంగలేక ఆయాసపడడం బయటికి వినబడేది.

ఈ సంగతి ఎవరికైనా చెప్పారా, చెప్తారా అన్నది ఆవిడ ముఖం చూస్తే తెలిసేది కాదు. దయతో చేస్తున్నారా? దసరా దాకా ఆగి, పండగ పేరు చెప్పి పుట్టింటికి పంపేసి, ఇంక రావద్దంటారా? ఒక్కో పూట ఒక్కో రకంగా తోచేది. ఆవిడ చేతులు నా పాదం మీద ఉన్నంతసేపు ధైర్యంగా ఉండేది. చేతులు తీసేయగానే సత్యకుమారి గుర్తొచ్చేది.

దసరా ఇంకా రానే లేదు, మా నాన్న వచ్చారు. చెప్పాపెట్టకుండా, ఎండలో, భుజం మీద కండువా తడిసిపోయి. మా మామగారూ, మా ఆయనా కొట్లో ఉన్నారు. అత్తగారు మంచినీళ్లిచ్చి కుర్చీ వేయించారు.

"ఏం లేదు చెల్లెమ్మగారూ, మీ కొట్టుకి బెల్లానికి వచ్చినవాళ్లెవరో జగ్గంపేట బస్టాండులో చెప్పుకుంటున్నారు. మా అమ్మాయి అత్తగారింట్లో కుందేలుకి కూడా బోద వచ్చిందటగా? ఊరంతా ఒకటే నవ్వు" అన్నారు. ఆయన నవ్వడం లేదు. "నాకు నవ్వు రాలేదండీ. కుందేలుకే వస్తే నా కూతురి మాటేంటి అనిపించింది. అమ్మా రాజేశ్వరీ, నీ కాళ్లు బాగున్నాయా?"

"బాగానే ఉన్నాయి నాన్నా" అన్నాను.

"బాగా లేవండీ అన్నయ్యగారూ" అన్నారు మా అత్తగారు. "కుడికాలు వాచింది. వినాయక చవితి నుంచి."

అయిపోయింది, పంపేస్తున్నారు అనుకున్నాను. మా నాన్న కుర్చీలోంచి లేచారు. ఆయనది పెద్ద గొంతు, కోపం వస్తే పక్క ఊరికి వినబడుతుంది. నోరు తెరిచారు. అప్పుడు మా అత్తగారు ఎవరూ ఊహించని పని చేశారు. వంగి, చీర అంచు పిక్క దాకా ఎత్తి పట్టుకున్నారు. ఇంట్లో మనిషినైన నేనే ఆ కాలు అంత నిండుగా ఎప్పుడూ చూడలేదు. పాదానికీ పిక్కకూ తేడా లేదు. చర్మం నల్లగా, మడతలు పడి, గరుగ్గా ఉంది. వియ్యంకుడి ముందు, పట్టపగలు, వసారాలో.

"ఇది చూడండి. పెళ్లయిన ఏడు నాకూ మీ అమ్మాయికి వాచినంతే వాచింది, ఇంకా తక్కువే. పుట్టింటికి పంపేస్తారని ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకీ చెప్పలేదు. ఫైలేరియా ఆఫీసువాళ్లు రక్తం తీయడానికి రాత్రిపూట వీధిలోకి వస్తే తలుపేసుకున్నాను. దాచీ దాచీ ఇంత చేసుకున్నాను. మీ అమ్మాయి కూడా దాస్తోంది, మీరే చూశారుగా. ఇక్కడ చూపిస్తే పదిమందీ అనుకుంటారంటే కాకినాడ తీసుకెళ్లి చూపించండి. తగ్గాక పంపుతారో, పంపరో..." అని ఆవిడ చీర అంచు ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు. "మీ ఇష్టం. పంపితే మటుకు నేను కాదనను."

మా నాన్న ఆ కాలు వంక చూసి, నేల వంక చూసి, మళ్లీ కూర్చున్నారు. వచ్చేటప్పుడు దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయినట్టున్నాయి. మెల్లగా, "అమ్మా, బట్టలు సర్దుకో" అన్నారు.

లేచాను. ఇన్నాళ్లూ పెరట్లో ఏడ్చింది ఈ మాట కోసమే కదా. గది దాకా వెళ్లి, గుమ్మం దగ్గర ఆగిపోయాను. సంతోషమో, దుఃఖమో తెలియడం లేదు. వెనక్కి తిరిగి చూస్తే మా అత్తగారు ఇంకా చీర అంచు పట్టుకునే నిలబడి ఉన్నారు, దించాలని మరిచిపోయి.

"నాన్నా, మరి అత్తయ్యగారి కాలు ఎవరు కడుగుతారు?" అన్నాను. ఆ మాట అనాలని నేను అనుకోలేదు.

మా అత్తగారు చీర వదిలేసి కొంగుతో ముఖం కప్పుకున్నారు. ఆవిడ ఏడవడం నేను చూసింది అదొక్కసారే. మా నాన్న కండువాతో మెడ తుడుచుకున్నారు.

"చెల్లెమ్మగారూ" అన్నారు. "మీరూ సర్దుకోండి. ముగ్గురం వెళ్దాం. కాకినాడలో మనల్నెవరు గుర్తుపడతారు? బావగారితో నేను చెప్తాను."

ఆవిడ కొంగు తీయలేదు. లోపలి నుంచే, ముక్కు ఎగబీలుస్తూ అడిగారు.

"మరి కుందేలండీ?"